మాస్టారు చూసిన ఆబిడ్స్

1967 జనవరిలో నాకు నాంపల్లి స్టేషను దగ్గరున్న పర్యాటక సమాచార కేంద్రంలో జూనియర్ గైడుగా పోస్టింగు వచ్చింది. ఏడాది ప్రొబేషను. మాది మెదక్. నాన్న అక్కడి మిషన్ బడిలో పంతులు. కోఠీలో బి.ఏ. చదివాను. ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు మూడూ వచ్చు కాబట్టి ఉద్యోగం ఇచ్చారు. ఆ ఆఫీసులో ఆడవాళ్ళం ఇద్దరమే. రెండో ఆమె టైపిస్టు.

పొద్దున్నే మా బస్సు నాంపల్లిలో బయలుదేరి, ఊరంతా చుట్టి, చీకటి పడేవేళకి మళ్ళీ అక్కడికే వచ్చేది. గైడు ముందు సీటు పక్కన నిలబడి మాట్లాడాలి. మా భాషలో చూడదగ్గ చోట్లు రెండు రకాలు. బస్సు ఆగి జనం దిగేవి హాల్టులు. ఆగకుండా, కిటికీలోంచి చూపించి వదిలేసేవి పాసింగులు. చార్మినారు హాల్టు. గోల్కొండ హాల్టు. ఆబిడ్స్ పాసింగు. అక్కడ చెప్పవలసినవి రెండే వాక్యాలు: పూర్వం ఆబిద్ అనే దొర దుకాణం ఉండేది, దుకాణం పోయినా పేరు నిలిచింది. అంతలో బస్సు మలుపు తిరిగేది.

ఈ వాక్యాలు మేము కల్పించుకునేవి కావు. ఆమోదించిన వ్యాఖ్యానం అని ఒక టైపు ప్రతి ఉండేది. గోల్కొండ కోటలో జనం ఇరుకై, నీళ్ళు చాలక, సుల్తాను మూసీ దాటి కొత్త నగరం కట్టించడం దగ్గర మొదలై, మొగలాయీలు, నైజాములు, మూసీ వరద, 1956లో ఆంధ్రప్రదేశ్‌కి రాజధాని కావడం దాకా అందులో ఉండేది. "మూసీ నదీ తీరమున వెలసిన ఈ మహానగరము" అని మొదలయ్యేది. కామా కూడా పోకుండా వప్పజెప్పాలి. మా పైఅధికారి, సహాయ సమాచార అధికారి రాఘవాచారి గారు ఈ విషయంలో గట్టివారు. ఆయనది మద్రాసు చదువు. కోపం వచ్చినా గొంతు పెంచేవారు కాదు. నేను చేరిన వారంలోనే పిలిచి, "అమ్మా, మీ ఉచ్చారణ బాగుంది. కాని గీడ, గాడ అని బస్సులో వినపడకూడదు. అన్ని జిల్లాలవాళ్ళూ ఎక్కుతారు" అన్నారు. అప్పటినుంచి బస్సెక్కగానే నా నాలుక వేరే మనిషిదై పోయేది. ఆ వేరే మనిషి తప్పుల్లేకుండా మాట్లాడేది. నాకూ అదే కావాలి. ప్రొబేషను ముగిసేలోగా అధికారి ఒకరోజు బస్సులో వెనక సీట్లో కూర్చుని, ప్రతి చేతిలో పట్టుకుని, నా వ్యాఖ్యానం విని రిపోర్టు రాయాలి. దాన్నిబట్టే పర్మనెంటు చేయడం, మానడం.

ఆ అక్టోబరులో వానలు వెళ్ళీ వెళ్ళనట్టు ఉన్నాయి. ఒకరోజు పొద్దున్న ముసురు పట్టి టికెట్లు తెగలేదు. కనీస సంఖ్య రాకపోతే ట్రిప్పు రద్దు చేసి, కొన్నవాళ్ళని మర్నాటి బస్సుకు మార్చడం రూలు. నన్ను కౌంటరు మీద కూర్చోబెట్టారు. మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చింది. మూడు గంటలు దాటాక ఒక పెద్దాయన, ఆయన భార్య లోపలికి వచ్చారు. ఆయన తెల్ల పంచె, మూసిన కోటు. ఆమె చేయి పట్టుకుని నడుస్తున్నా, నడక మాత్రం ఆయనే ఆమెని తీసుకొస్తున్నట్టుంది. పొద్దున రద్దయిన ట్రిప్పుకి వాళ్ళూ టికెట్లు కొన్నవాళ్ళే. రేపటికి మారుస్తానని చెప్పాను.

"రేపు కుదరదమ్మా. రేపు పొద్దున్నే దవాఖానలో చేరాలి" అన్నారాయన. దవాఖాన అన్న మాటని కొత్తగా నేర్చుకున్నవాళ్ళు పలికినట్టు విరిచి పలికారు.

ఆయన పేరు సుబ్బారాయుడు మాస్టారు. బాపట్ల దగ్గర ఒక ఊళ్ళో బోర్డు స్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. రెండు కళ్ళకీ శుక్లాలు. ఒక కన్ను ముదిరింది, ఆపరేషను చేస్తామన్నారు. ఆ రోజుల్లో అది ఇప్పటిలా పూటలో అయిపోయే పని కాదు. కదలకుండా పడుకోవాలి, చూపు వస్తుందని ఎవరూ పూచీ పడరు.

"ఈయనకి కనపడేదేముంది తల్లీ, మనుషులు నీడల్లాగా కనపడతారు. అయినా ఊరు చూడాలని పంతం. రాత్రంతా రైల్లో అదే మాట" అంది ఆమె. ఆమె పేరు అన్నపూర్ణమ్మ.

మాస్టారు కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి నాకేసి వంగారు. చూపు నా మొహం మీద కాక, నా చెవి పక్కగా ఎక్కడో ఆగింది.

"రాజధాని ఏది అని పిల్లల్ని అడగడం నా ఉద్యోగం అమ్మాయ్. మొదట్లో మద్రాసు అని చెప్పాను. దాన్ని కొట్టించి కర్నూలు అని రాయించాను. మూడేళ్ళకి దాన్నీ కొట్టించి హైదరాబాదు అని రాయించాను. మూడింట్లో ఒక్కటీ చూడలేదు. రేపు ఆ డాక్టరు కత్తి అటూ ఇటూ అయితే ఇక చూసేదీ లేదు. నీడలయినా సరే, చూసి పడుకుంటాను."

నేను లోపలికి వెళ్ళి రాఘవాచారి గారికి చెప్పాను. మాకు లోకల్ ఎస్కార్టు అని ఒక పద్ధతి ఉండేది. పెద్దవాళ్ళ చుట్టాలెవరైనా వస్తే గైడుని తోడిచ్చి దగ్గర దగ్గర చోట్లు చూపించడం. మామూలు టికెట్టు మనుషులకి అది వర్తించదు. ఆయన కొంచెం సేపు కిటికీలోంచి చూశారు. "ఏ సబ్జెక్టు అన్నారు?" అని అడిగారు. సోషల్ అన్నాను. చీటీ మీద సంతకం చేసి, "నాంపల్లి, ఆబిడ్స్ దాటి వెళ్ళకండి. దీపాలు పెట్టాక దింపేయండి. వ్యాఖ్యానం మాత్రం పూర్తిగా చెప్పండి" అన్నారు.

సైకిల్ రిక్షా మాట్లాడి వాళ్ళిద్దర్నీ ఎక్కించి, నేను ఇంకో రిక్షాలో ముందు వెళ్ళాను. మొదట పబ్లిక్ గార్డెన్స్. పక్కనే శాసనసభ. వానకి కడిగినట్టున్న తెల్లటి భవనం, దాని గుమ్మటాల వెనక ఇంకా దిగని మబ్బు. మాస్టారుని గేటు దగ్గర నిలబెట్టి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "ఒకప్పుడు టౌన్ హాలుగా నిర్మింపబడిన ఈ సౌధము..."

ఆయన మర్యాదగా చివరిదాకా విన్నారు. తర్వాత అన్నారు: "బాగా చెప్పావు. ఒక్క తప్పు లేదు. కాని అమ్మాయ్, ఇవన్నీ నేను చెప్పిన పాఠాలే. ఆ పుస్తకం నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు నీ కళ్ళ ముందర ఏముందో అది చెప్పు."

నేను ఆ భవనం వైపు చూశాను. పది నెలలుగా రోజూ చూపిస్తున్న భవనం. తెల్లగా ఉంది అన్నాను. పెద్దగా ఉంది అన్నాను. మళ్ళీ తెల్లగా ఉంది అన్నాను.

"ఆయనకి పోలికలు కావాలమ్మా" అని అన్నపూర్ణమ్మ గారు అందుకుంది. "మంచినీళ్ళు ఇక్కడున్నాయి అంటే చాలదు. మీ మోచేతికి బెత్తెడు అవతల అనాలి. నాలుగేళ్ళ నుంచీ నేనిట్లాగే చెప్తున్నా."

"మరి మీకెలా ఉందండీ?" అని ఆయన్నే అడిగాను.

ఆయన తల పైకెత్తి చాలాసేపు చూశారు. "పాలు పొంగి, గిన్నె అంచు దగ్గర ఆగినట్టుంది" అన్నారు.

నేను మళ్ళీ చూశాను. అలాగే ఉంది. ఆ తర్వాత అది నాకు ఇంకోలా ఎప్పుడూ కనిపించలేదు.

స్టేషను దగ్గరికి తిరిగి వచ్చి, రిక్షాలు దిగి, మొజంజాహీ మార్కెట్ వైపు నడవడం మొదలుపెట్టాం. నడుద్దామని ఆయనే అన్నారు. రోడ్డు తడిగా ఉంది. సాయంత్రపు ఎండ మబ్బుల కిందనుంచి వచ్చి తడి మీద పరుచుకుంది. టాంగా ఒకటి పక్కనుంచి పోతే గుర్రం డెక్కల చప్పుడు వైపు మాస్టారు తల తిప్పారు. "ఏ రంగు?" "గోధుమ రంగు సార్." "అలసిపోయిందా?" చూస్తే నిజంగానే అలసిపోయి ఉంది. తల కిందకి వేలాడేసి నడుస్తోంది. నేను ఇన్నాళ్ళూ టాంగాలనే చూశాను. గుర్రాల్ని చూడలేదు.

మార్కెట్ రాతి కట్టడం, మధ్యలో గడియారపు గోపురం, కింద చుట్టూ దుకాణాలు. సీతాఫలాల రోజులు. ఆ వాసన రోడ్డు దాటకముందే తగిలింది. చామంతులు, గులాబీలు, అత్తరు, తడిసిన గోనెసంచులు అన్నీ ఆ వాసన వెనకే వచ్చాయి. మాస్టారు ఆగిపోయారు.

"చెప్పు."

నేను పుస్తకపు తెలుగు వెతుక్కున్నాను. దొరకలేదు. ఎదురుగా ఉన్నదానికి ఆ టైపు ప్రతిలో ఒక్క మాట లేదు. తెలియకుండానే మా ఇంటి భాష వచ్చేసింది.

"గాడ మెట్ల మీద ఒకామె కూసున్నది సార్. ముసలామె. బుర్ఖా ముసుగు ఎనకకు ఏసుకున్నది. ముంగట గంపల సీతాఫలాలు. ఒకటి పండి పగిలింది, గది పక్కకు పెట్టింది, మనుమరాలి కోసం గావచ్చు. ఎనక పూల దుకాణం. పూలాయన నోట్లె దారం పట్టుకుని కడ్తున్నడు, చెయ్యి చూసుకుంట లేడు, రోడ్డు దిక్కు చూస్తున్నడు. మీదంగ పావురాలు. గోపురం మీద ఇంత జాగా లేదు, అన్నీ గాడ్నే కూసుంటయట, ఒకదాన్నొకటి నూకుతున్నయి..."

ఆ మాట అంటూనే నాలిక కరుచుకున్నాను. "క్షమించండి సార్, అలా మాట్లాడకూడదు మేము."

"ఆపితే ఊరుకోను" అన్నారు మాస్టారు. ఆయన మొహం వెలిగింది. "నూకుతున్నయి! మా వైపు నూకలంటే బియ్యపు ముక్కలు. ఊఁ, నూకితే ఏమయింది, పడిందా?"

పడలేదని చెప్పాను. అన్నపూర్ణమ్మ గారు ఈలోపల ముసలామె దగ్గరికి వెళ్ళి కూర్చుని ఉంది. అన్నపూర్ణమ్మ గారికి ఉర్దూ రాదు, ముసలామెకి కోస్తా తెలుగు అర్థం కాదు. ఇద్దరూ ఒక పండుని ఒత్తి చూస్తూ తలలూపుకుంటున్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో పగిలిన పండు కూడా ఉంది. "వద్దంటున్నా ఇచ్చింది. ఆయనకి చూపు లేదని ఎట్లా కనిపెట్టిందో, కంటి మీద చెయ్యి పెట్టుకుని దువా అంది. దువా అంటే ఏమిటమ్మా?" అని అడిగింది. మంచి జరగాలని దేవుణ్ణి వేడుకోవడం అని చెప్పాను. ఆమె పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. భయం ఆమెకే ఎక్కువ ఉందని అప్పుడు తెలిసింది.

ఆబిడ్స్ చేరేసరికి దీపాలు పెట్టారు. చీటీ ప్రకారం వెనక్కి తిరగవలసిన వేళ. నేను ఆ మాట ఎత్తలేదు. వాన మళ్ళీ సన్నగా మొదలై ఆగిపోయింది. దుకాణాల అద్దాలు, సినిమా హాలు ముందర రంగు బల్బులు, బస్సుల హెడ్‌లైట్లు అన్నీ తడి రోడ్డులో తలకిందులుగా ఇంకోసారి వెలుగుతున్నాయి. సైకిళ్ళు ఆ వెలుగుల మీదనుంచి చప్పుడు లేకుండా పోతున్నాయి.

"అన్నపూర్ణా" అన్నారు మాస్టారు. "ఇవేమిటే, ఇన్ని పూలు?"

"పూలెక్కడివండీ, దీపాలు."

శుక్లాలున్న కంటికి దీపం దీపంలా కనిపించదట. చుట్టూ వలయాలు కట్టి, రేకులు విచ్చుకుని, పొద్దుతిరుగుడు పువ్వంత అవుతుందట. ఊళ్ళో లాంతరు ఒక్కటే ఉంటుంది కనక అది రోగంలా కనిపించింది. ఇక్కడ వందల దీపాలు. రోడ్డులో వాటి నీడలు. ఆయన కళ్ళ నిండా పూలతోట. ఒక్కొక్క దాన్నీ వేలితో చూపించి అది ఏమిటని అడిగారు. పచ్చపువ్వు మందుల షాపు. ఎర్రపువ్వు బస్సు వెనక దీపం. అటూ ఇటూ ఊగుతున్న చిన్న పువ్వు ఎవరో సైకిల్ మీద పెట్టుకున్న దీపం. నేను కళ్ళు సగం మూసి చూశాను. నాకూ కొంచెం కనిపించింది.

కూడలిలో ఒక వార నిలబడ్డాం. "చార్మినారు ఎటు?" అని అడిగారు. భుజం పట్టుకుని దక్షిణానికి తిప్పాను. "ఎంత దూరం?" రెండు మైళ్ళుంటుందన్నాను. ఆయన అటే చూస్తూ నిలబడ్డారు. తర్వాత గోల్కొండ అన్నారు. పడమటికి తిప్పాను. తర్వాత హుస్సేన్ సాగరం. ఉత్తరానికి. ఒక్కొక్క దిక్కున ఒక్కొక్క శతాబ్దం ఉన్నట్టు, దాన్ని వినడానికి ప్రయత్నిస్తున్నట్టు ఆయన తల కొంచెం వంచి ఉంచారు. నేను చరిత్ర ఏమీ చెప్పలేదు. ఆయనకి తెలుసు. ఏది ఎటుందో మాత్రం తెలియదు.

ఇలా ఒక ముసలాయన్ని కూడలి పక్కన గిరగిరా తిప్పుతుంటే ట్రాఫిక్ పోలీసు వచ్చాడు. "ఏందమ్మా, తొవ్వ తప్పిన్రా?"

"లేదన్నా, ఊరు చూస్తున్నం" అన్నాను.

అతను మాస్టారు మొహంలోకి చూసి, ఇంకేం అడగకుండా మా ముందున్న జట్కాని జరగమని చెయ్యి ఊపాడు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక దవాఖానకి వెళ్ళాను. ఆపరేషను జరిగింది. రెండు కళ్ళకీ కట్టు. తల కదలకుండా అటూ ఇటూ ఇసక సంచులు. కొన్ని రోజులు అలాగే వెల్లకిలా పడుకోవాలి. తుమ్మకూడదు, దగ్గకూడదు, నవ్వకూడదు. అన్నపూర్ణమ్మ గారు మంచం పక్కన కింద కూర్చుని ఉంది. "పొద్దస్తమానం ఆ రోడ్డు మీదే తిరుగుతున్నారమ్మా" అంది.

మాస్టారు పెదవులు మాత్రమే కదుపుతూ మాట్లాడారు. "స్టేషను దగ్గర బయలుదేరాను అమ్మాయ్. గుర్రం కనిపించింది. మార్కెట్ చేరాను. పావురాలు, ముసలామె, పూలాయన. ఆ తర్వాత ఒక్కసారిగా ఆబిడ్స్ దీపాలొస్తున్నాయి. నడుమ ఏముంది? అక్కడ నాకు ఖాళీగా ఉంది. అక్కడికొచ్చేసరికి కాలు కింద నేల లేనట్టవుతోంది."

నాకు గుర్తు లేదు. రోజూ బస్సులో, రోజూ నడిచి వెళ్ళే దారి. తెలుసుకుని వస్తానన్నాను.

మర్నాడు డ్యూటీ దిగాక మార్కెట్ నుంచి ఆబిడ్స్ దాకా ఒంటరిగా నడిచాను. మెల్లగా, పరీక్షకి చదివినట్టు. వరండాలో కుట్టుమిషను ముందు దర్జీ నిద్రపోతున్నాడు, సూదిలో దారం అలాగే ఉంది. హోటల్లో నీలం గళ్ళ గుడ్డ కప్పిన బల్లలు, ఒక్కడే కూర్చుని టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటున్న మనిషి. పాత పుస్తకాలు పేర్చిన అరుగు. మేడ మీద కిటికీలో ఎవరో హార్మోనియం నేర్చుకుంటున్నారు, ఒకే చోట తప్పుతున్నారు, మళ్ళీ మొదలుపెడుతున్నారు. చెప్పుల దుకాణంలో ఒక పాప ఎర్ర చెప్పులు తొడుక్కుని, విప్పనని కూర్చుంది. అన్నీ మనసులో పెట్టుకుని వెళ్ళి ఆయనకి చెప్పాను, మా మెదక్ తెలుగులోనే. హార్మోనియం దగ్గర ఆయనకి నవ్వొచ్చింది. నర్సు వచ్చి నన్ను కోప్పడింది.

"ఇక దారి అతుక్కుంది" అన్నారు మాస్టారు.

డిసెంబరులో ఒక పొద్దున బస్సు దగ్గర ట్రిప్ షీట్ చూసి పేర్లు పిలుస్తుంటే ఆ పేరు వచ్చింది. తలెత్తి చూశాను. సోడాబుడ్డి అద్దాల వెనక మాస్టారు కళ్ళు పెద్దవై, సూటిగా, నా మొహం మీదే ఉన్నాయి. "నువ్వింత చిన్నపిల్లవా!" అన్నారు. చూపొచ్చింది. రెండో కన్ను ఇంకా అలాగే ఉంది, కాని ఒకటి చాలు. ఊరికి వెళ్ళేముందు పూర్తి టూరు చేయాలని వచ్చారు.

నాకు సంతోషించే తీరిక లేదు. ఆవేళే నా ఇన్‌స్పెక్షను. రాఘవాచారి గారు టైపు ప్రతి పట్టుకుని వెనక సీట్లో కూర్చున్నారు. చార్మినారు, మక్కా మసీదు, గోల్కొండ, టాంక్ బండ్ అన్నీ చెప్పాను. ఒక్క మాట తప్పలేదు. మాస్టారు చిన్నపిల్లాడిలా కిటికీకి అతుక్కుపోయి దుకాణాల బోర్డులు పైకి చదువుతూ కూర్చున్నారు. "పొద్దుటినుంచీ ఇదే వరస. బోర్డు కనిపిస్తే వదలరు" అంది అన్నపూర్ణమ్మ గారు. అనడంలో విసుగు లేదు.

తిరుగు ప్రయాణంలో ఆబిడ్స్ వచ్చింది. దీపాలు అప్పుడే పెడుతున్నారు. నా రెండు వాక్యాలూ చెప్పాను. మాస్టారు బోర్డులు చదవడం ఆపేశారు.

"అమ్మాయ్, ఏ సెంటరన్నావు?"

"ఆబిడ్స్ మాస్టారూ."

"కాదు. మనం వచ్చింది ఇక్కడికి కాదు."

"ఇక్కడికే మాస్టారూ."

ఆయన సీట్లోంచి లేచి నిలబడ్డారు. ఆ మొహంలో ఉన్నది దిగులు. ఏదో పోగొట్టుకున్న మనిషి వెతుక్కున్నట్టు అటూ ఇటూ చూస్తున్నారు. "ఒక్కసారి ఆపించు" అన్నారు. ఆబిడ్స్‌లో హాల్టు లేదు. అధికారి వెనకే ఉన్నారు. నేను డ్రైవరు ఖాజా వైపు చూశాను. ఎన్నో ఏళ్ళుగా ఆ బస్సు నడుపుతున్న మనిషి. అతను అద్దంలోంచి మాస్టారుని చూసి, "రేడియేటర్ల నీళ్ళు చూడాలె. జర ఆపుతా" అని బస్సు పక్కకి తీశాడు.

మాస్టారు దిగారు. నేను దిగాను. మా వెనక ఒక్కొక్కరే మిగతావాళ్ళూ దిగారు, ఇదీ ఒక హాల్టే అనుకుని. ఆయన కూడలిలో నిలబడి అన్నీ చూశారు. కరెంటు తీగలు. పెచ్చులూడిన గోడలు, వాటి మీద చిరిగిన సినిమా కాగితాలు. రోడ్డు మీద పేడ. దీపాలు చిన్నవి, గుండ్రటివి, గాజు బుడ్ల లోపల బుద్ధిగా ఉన్నాయి.

ఆయన మెల్లగా కళ్ళద్దాలు తీశారు. ఆపరేషనైన కంటికి అద్దాలు లేకపోతే అంతా మసకే. దీపాలకేసి తలెత్తారు.

"ఆఁ. ఇదే" అన్నారు.

మళ్ళీ పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు. అన్నపూర్ణమ్మ గారు ఆయన మోచేయి పట్టుకుని, "ఇంతకీ ఏది నిజమంటారు?" అని అడిగింది.

"రెండూనే. ఏ పిల్లాడు ఏది రాసినా మార్కులు వేస్తాను" అన్నారాయన. అద్దాలు పెట్టుకుని ఆమెకేసి చూశారు. "నువ్వు మాత్రం ఇట్లాగే బాగున్నావు."

ఆమె సిగ్గుపడి చెయ్యి వదిలేసింది.

ప్రయాణికులు చుట్టూ నిలబడి ఉన్నారు. నేను ఏదో ఒకటి చెప్పాలి. చెప్పలేదు. ఎవరూ అడగలేదు. ఒకరు దీపాలకేసి, ఒకరు జనంకేసి, ఎవరికి తోచింది వాళ్ళు చూసుకుంటున్నారు. కొంతసేపయ్యాక ఒకాయన చార్మినారు ఇక్కడినుంచి ఎటుంటుందని అడిగాడు. "గీ దిక్కు" అని చెయ్యి చాపి చూపించాను. అనేశాక రాఘవాచారి గారు గుర్తొచ్చారు. ఆయన బస్సు మెట్టు దగ్గర నిలబడి ఉన్నారు. ప్రతి మడిచి చంకలో పెట్టుకుని ఉన్నారు.

రిపోర్టులో ఆయన ఉన్నదున్నట్టు రాశారు. షెడ్యూలులో లేని చోట బస్సు ఆగింది, ఆమోదించిన వ్యాఖ్యానం తప్పింది, యాస దొర్లింది. ప్రొబేషను ఆరు నెలలు పొడిగించారు. ఆ ఆర్డరు ఇచ్చేటప్పుడు నన్ను కూర్చోమని, "ఈ ఊరు వచ్చి పదేళ్ళయిందమ్మా, మొన్న మీరు మాట్లాడకుండా ఊరుకున్నప్పుడు మొదటిసారి నేను ఆబిడ్స్ చూశాను. కాని అది రాయడానికి ఫారంలో చోటు లేదు" అన్నారు. నాకు కోపం రాలేదని అంటే అబద్ధం. ఆయన మీద వచ్చిందా, ఫారం మీద వచ్చిందా అన్నది మాత్రం చెప్పలేను. పొడిగించిన గడువు ముగిశాక పర్మనెంటు చేశారు.

మాస్టారు దంపతులు ఆ వారమే రైలెక్కారు. తర్వాత వాళ్ళని చూడలేదు. రెండో కంటికి గుంటూరులోనే చేయించుకుంటామని చెప్పి వెళ్ళారు.

తర్వాతి సంవత్సరాల్లో సీనియర్ గైడునయ్యాను. కొత్తవాళ్ళకి శిక్షణ ఇచ్చే పని నా మీద పడింది. చరిత్ర ఎవరైనా చదువుకుని రావచ్చు. బస్సెక్కేవాళ్ళలో సగం మంది చదువుకునే వస్తారు. దానికి గైడు అక్కర్లేదు. కళ్ళ ముందున్నదాన్ని చూడడం, అవతలివాళ్ళని చూడనివ్వడం, ఈ రెండూ నేర్చుకోవలసిన పనులు. రెండోది ఎక్కువ కష్టం, ఎందుకంటే నోరు మూసుకోవాలి. అందుకని నేను కొత్త గైడు చేతికి టైపు ప్రతి వెంటనే ఇచ్చేదాన్ని కాదు. మొదటి వారం అంతా నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా నడవమనేదాన్ని. సాయంత్రం వచ్చి, ఆ రోజు ఏం చూశారో ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పమనేదాన్ని. చెప్పగలిగినవాళ్ళకి ప్రతి ఇచ్చాను. చెప్పలేనివాళ్ళని ఇంకో వారం నడిపించాను.